కోటలో... గూడంత ఇల్లు!

ఇల్లు పెంచుకునే వీల్లేదు. కుటుంబం మాత్రం పెరుగుతూనే ఉంటుంది. మరి సామాన్లు ఎక్కడ పెట్టాలి? మనుషులు ఎక్కడ పడుకోవాలి? అపార్ట్‌మెంట్లలో ఉండే మనందరినీ వేధించే ప్రశ్నే ఇది. ఖిలా వరంగల్‌లో, కాకతీయుల కోట గోడల మధ్య కాపురాలు చేస్తున్నవాళ్లు దీనికి ఎప్పుడో జవాబు వెతుక్కున్నారు.

'మీ దగ్గరికి వచ్చేస్తానే... కానీ నా పెట్టె కూడా వస్తుంది' అంది అమ్మ ఫోన్లో.

నాన్న పోయి ఏడాదైంది. ఊళ్లో ఒక్కతే ఉంటోంది. రమ్మని ఎన్నిసార్లు అడిగినా ఏదో వంక చెప్పి తప్పించుకునేది. ఇన్నాళ్లకు ఒప్పుకుంది, ఒకే ఒక్క షరతుతో. ఆ పెట్టె నాకు తెలియనిది కాదు. అమ్మ కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకున్న టేకు పెట్టె. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, ఇంచుమించు అంతే ఎత్తు. మాదేమో హైదరాబాద్‌లో రెండు పడక గదుల ఫ్లాటు. మావారు టేపు పట్టుకుని ఇల్లంతా కొలిచారు. హాల్లో సోఫా, టీవీ స్టాండు. మా గదిలో డబుల్‌కాట్, బీరువా. పిల్లల గదిలో రెండు మంచాలు, చదువుకునే బల్ల. 'మీ అమ్మగారికి చోటు చూడొచ్చు. పెట్టెకే కష్టం' అని తేల్చేశారు. పెట్టె లేకుండా అమ్మ రాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

సరిగ్గా అదే వారం 'చిన్న ఇళ్లను అందంగా సర్దుకోవడం ఎలా?' అన్న అంశం మీద కథనం రాయమన్నారు ఆఫీసులో. నవ్వొచ్చింది. ఇంటీరియర్ పుస్తకాలు నాలుగైదు తిరగేశాను. అన్నింట్లోనూ ఒకటే మంత్రం... ఇది కొనండి, అది బిగించండి. ఉన్నవాటికే చోటు లేదంటే కొత్తవి కొనమంటారేమిటి? కొనకుండా, కట్టకుండా చిన్న ఇంట్లో బతుకుతున్నవాళ్లను అడిగితే పోలా అనిపించింది. అప్పుడు గుర్తొచ్చిందే ఖిలా వరంగల్. అక్కడ చాలామందికి ఇంటిని పెంచుకునే దారే లేదు.

కోటే ఒక ఊరు

వరంగల్ స్టేషన్ ముందు ఆటో ఎక్కితే రెండు మూడు కిలోమీటర్లు. ముందు మట్టికోట కట్ట కనిపిస్తుంది. అది దాటి ఇంకాస్త వెళ్తే కందకం, దాని వెనక రాతికోట. గణపతిదేవుడు మొదలుపెట్టిన ఈ కోటను కూతురు రుద్రమదేవి పూర్తిచేసిందంటారు చరిత్రకారులు. రాతికోట అడ్డంగా చూస్తే దాదాపు 1.2 కిలోమీటర్లు. బయటి మట్టికోట అంతకు రెట్టింపు. 1323లో ఢిల్లీ సైన్యాలకు ప్రతాపరుద్రుడు ఓడిపోవడంతో కాకతీయుల పాలన ముగిసింది. రాజులు పోయినా జనం మాత్రం ఉన్నారు. తూర్పుకోట, మధ్యకోట, పడమరకోట... ఇవి ఇప్పుడు వాడల పేర్లు. కోట లోపలే ఇళ్లు, బడులు, గుళ్లు, కిరాణా కొట్లు, పొలాలు. గోడ మీద వెయ్యేళ్ల నాటి నంది శిల్పమేమో అనుకుని చూస్తే, పక్కనే ఆరేసిన మిరపకాయలు!

రాతికోట ద్వారంలోంచి నేరుగా లోపలికి చూడలేం. మలుపు తిరిగితేగానీ ఊరు కనిపించదు. శత్రువుల జోరు తగ్గించడానికి అలా కట్టారు. మన ఫ్లాట్లలో అందుకు పూర్తిగా వ్యతిరేకం. తలుపు తీస్తే చాలు, హాల్లోని మంచం దగ్గర నుంచి వంటింట్లో గిన్నెల దాకా అన్నీ వచ్చినవాళ్ల కళ్లబడతాయి. గుమ్మానికి మూడు నాలుగడుగుల లోపల ఒక వెదురు తెర వేలాడదీసినా, అడ్డంగా ఒక సన్నటి పుస్తకాల అర పెట్టినా ఆ మలుపు వచ్చేస్తుంది. చెప్పులు, గొడుగులు, తాళాలు ఆ అర కిందే సర్దుకుపోతాయి.

వంద మీటర్ల కథ

కోటలోని కట్టడాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, ఇలాంటి రక్షిత కట్టడానికి 100 మీటర్లలోపు కొత్త నిర్మాణాలు నిషిద్ధం. ఆ తరవాతి 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం, అక్కడ అనుమతి తీసుకుని కట్టుకోవాలి. దగ్గర్లో ఉన్న పాత ఇళ్లకు మరమ్మతులు చేసుకోవాలన్నా అనుమతి కావాల్సిందే. ఈ నిబంధనలే లేకపోతే ఇంత చరిత్ర మన కళ్లముందు మిగిలేది కాదు. కానీ కొడుకు పెళ్లికి ఎదిగాడని ఇంకో గది వేసుకుందామనుకునే తండ్రికి మాత్రం అవి ప్రతిరోజూ ఎదురయ్యే గోడలు.

మధ్యకోటలో నేను కూర్చున్న అరుగు అలాంటి ఇంటిదే. రెండు అర్రలు, ముందు ఒక వసారా, పైన పెంకులు. మనుషులు ఆరుగురు. డెబ్భై దాటిన అవ్వ, ఎనుమాముల మార్కెట్లో పనిచేసే కొడుకు, కోడలు, ముగ్గురు మనవలు. పెద్ద మనవడికి మాఘమాసంలో పెళ్లి. కోట బయట అద్దెకు ఇల్లు తీసుకుంటానన్నాడట అతను. అవ్వ ఒప్పుకోలేదు.

'జాగ లేదని ఇంటి పిల్లను బయట ఉంచుతమా బిడ్డా? ఉన్నదాంట్లనే సదురుకుంటం' అంది నాకు చాయ్ అందిస్తూ.

సదురుకోవడం... వరంగల్ వైపు సర్దుకోవడాన్ని అలాగే అంటారు. వస్తువులు సర్దడానికీ, మనుషులు సర్దుకుపోవడానికీ అదే మాట. ఎలా సదురుతారో చూపించమన్నాను. అవ్వ లేచి ఇల్లంతా తిప్పి చూపించింది.

పగలు మంచమెందుకు?

మొదట నాకు కనిపించింది వస్తువులు కాదు, ఖాళీ నేల. ఆరుగురున్న ఇంట్లో ముందు గది మొత్తం ఖాళీ! నులక మంచాలు రెండూ వసారాలో గోడకు నిలబెట్టి ఉన్నాయి. రాత్రి అయితేనే అవి వాలతాయి. పరుపుల బదులు బొంతలు. అవి మడతపెట్టి లోపలి అర్రలో గడంచె మీద దొంతిగా పేర్చి ఉన్నాయి. గడంచె అంటే నాలుగు కాళ్ల చెక్క బల్ల. పైన బొంతలు, చెద్దర్లు. కింద ఉల్లిగడ్డల గంప, బియ్యం డబ్బా.

'పగటీలి మంచాలెందుకు బిడ్డా... పండేటోళ్లు ఎవలున్నరు?' అందామె.

ఆ మాటకు మా ఇంట్లోని డబుల్‌కాట్ గుర్తొచ్చింది. ఆరున్నర అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. అంటే దాదాపు 40 చదరపు అడుగులు. రోజులో పదహారు గంటలు దాని మీద ఇస్త్రీకి ఇవ్వాల్సిన బట్టలు తప్ప ఇంకేమీ ఉండవు. తెలంగాణ ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన రెండు పడక గదుల ఇళ్ల విస్తీర్ణం 560 చదరపు అడుగులు. అలాంటి ఇంట్లో రెండు పెద్ద మంచాలు వేస్తే ఏడో వంతు నేల వాటికే పోతుంది. జపాన్‌లోనూ అవ్వలాంటివాళ్లే ఉన్నారు. ఫుటాన్ అనే పలచటి పరుపుల్ని పొద్దున్నే మడిచి, గోడలోని అల్మారాలో పెట్టేయడం అక్కడి పాత అలవాటు. పడకగదే పగలు భోజనాల గది అవుతుంది.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నేల మీద పడుకోలేరు, నిజమే. వాళ్లకు మంచం ఉండాల్సిందే. పిల్లల గదిలో మాత్రం మడిచే మంచాలో, ఒకదాని కిందికి ఇంకోటి వెళ్లిపోయే మంచాలో వేసుకుంటే పగలంతా ఆడుకోవడానికి చోటు మిగులుతుంది.

బరువు కింద... తేలిక పైన

లోపలి అర్రలో తలెత్తి చూశాను. గోడ పైభాగంలో చెక్కలతో వేసిన అటక. ఏడాదికోసారి వాడే పెద్ద డేగిసాలు, చాటలు, బతుకమ్మ పేర్చే తాంబాళాలు దాని మీద ఉన్నాయి. దూలానికి ఉట్టి వేలాడుతోంది. ఒకప్పుడు పెరుగు కుండ పిల్లికి అందకుండా పెట్టేవాళ్లు. ఇంటికి ఫ్రిజ్ వచ్చాక ఉట్టికి ఆ పని తప్పింది. ఇప్పుడు అందులో ఎల్లిగడ్డలు, ఎండుమిరపకాయలు. గాలి తగులుతుంది కాబట్టి పాడవవు. నేల మీద మూలన కుండల దొంతి. అడుగున పెద్దది, పైకి పోయేకొద్దీ చిన్నవి. ఒక కుండ చోటులో అయిదు కుండలు.

'బరువుది కింద, అలుకది మీద. గంతే' అంది అవ్వ. అలుకది అంటే తేలికైనది.

ఇదే సూత్రాన్ని కాకతీయుల శిల్పులూ పాటించారు. 1213 నాటి రామప్ప గుడికి కింద బరువైన రాయి వాడి, శిఖరానికి మాత్రం నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు పేర్చారు. ప్రపంచ వారసత్వ కట్టడంగా 2021లో యునెస్కో గుర్తించింది ఆ గుడినే. మనమేమో ఫ్లాటులో సరిగ్గా దీనికి విరుద్ధంగా చేస్తాం. మిక్సీ పెట్టె, పాత కుక్కర్, ఇత్తడి బిందెలు సజ్జ మీదికి తోసేస్తాం. దించేటప్పుడు స్టూలు మీద నిలబడి నడుం పట్టించుకుంటాం. రోజూ వాడేవి నడుముకీ కళ్లకీ మధ్య ఎత్తులో, బరువైనవి మోకాలి కింద, ఏడాదికోసారి వాడే తేలిక వస్తువులు సజ్జ మీద... ఈ ఒక్క లెక్క పాటిస్తే వంటింట్లో సగం గందరగోళం తీరిపోతుంది.

చిలకకొయ్యకు రెండు పనులు

మరి అలంకరణ? ఆ ఇంట్లో షోకేసు లేదు. బొమ్మలు లేవు. అయినా చూడముచ్చటగా ఉంది. ఎందుకో తెలుసుకోవడానికి నాకు కాస్త సమయం పట్టింది. మందపాటి మట్టిగోడలో అడుగు లోతు గూళ్లు. ఒకదాంట్లో దీపం, ఒకదాంట్లో దువ్వెన, అద్దం, ఇంకోదాంట్లో మనవరాలి పుస్తకాలు. గూటి అంచు చుట్టూ సున్నంతో గీసిన తెల్లటి గీత. గోడకు చిలకకొయ్యలు, వాటికి సంచులు. గోడ అర మీద ఇత్తడి చెంబులు, స్టీలు గిన్నెలు ఎత్తు ప్రకారం వరసగా మెరుస్తున్నాయి. గడపకు పసుపు, గోడ అడుగున జాజు. సామాన్లు పెట్టుకునేదే అలంకరణ అయింది. అందం కోసమని విడిగా తెచ్చింది ఒక్కటీ లేదు.

అలాగని ఓరుగల్లు వాళ్లకు అలంకరణ తెలియదనుకునేరు! వినుకొండ వల్లభరాయుడి పేరున ఉన్న 'క్రీడాభిరామం'లో ఇద్దరు మిత్రులు ఈ నగర వీధులన్నీ తిరుగుతారు. మాచల్దేవి అనే ఆవిడ తన ఇంట్లో చిత్రశాల ప్రవేశం చేసిన ముచ్చట అందులో ఉంది. బొమ్మలు గీయించుకోవడానికి ప్రత్యేకంగా ఒక శాల కట్టుకున్నారంటే వాళ్లకెంత సరదానో! చిన్న ఇంట్లో శాల కుదరదు కానీ ఒక గోడ కుదురుతుంది. నాలుగు గోడలకీ నాలుగు రకాల బొమ్మలు కాకుండా, ఒక్క గోడకు ఒక్క చేర్యాల బొమ్మ పెడితే కళ్లు అక్కడే నిలుస్తాయి. హైదరాబాద్ నుంచి వచ్చే దారిలోనే, జనగామ దగ్గర పెంబర్తి ఉంది. అక్కడి ఇత్తడి పని మంచి పేరున్నది. ఒక దీపమో, ఒక పళ్లెమో చాలు.

గూళ్లు బాగున్నాయని ఫ్లాటు గోడల్ని తొలిచేయకండి. పాతిళ్ల గోడలు రెండడుగుల మందం. మన గదుల మధ్య గోడలు చాలాచోట్ల నాలుగున్నర అంగుళాలే. పిల్లర్లు, దూలాలను అసలు ముట్టుకోకూడదు. గూటికి బదులు తొమ్మిదంగుళాల లోతున్న చెక్క డబ్బాను గోడకు బిగిస్తే అదే పని చేస్తుంది.

చుట్టేస్తే చాలు

మధ్యాహ్నం అవ్వ కొడుకు భోజనానికొచ్చాడు. మూలన నిలబెట్టిన జంపుఖానా తెచ్చి ఒక్క విసురుతో పరిచాడు. నీలం, తెలుపు చారలు. అందరం దాని మీదే తిన్నాం. తిన్నాక దులిపి, చుట్టి, మళ్లీ మూలకు.

వరంగల్ జంపుఖానాలు, అదేనండీ దర్రీలు, తెలియనిదెవరికి? నగరంలోని కొత్తవాడ వాటికి పెట్టింది పేరు. 2018లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఇక్కడి తివాచీలు 1851లోనే లండన్ మహా ప్రదర్శన దాకా వెళ్లాయి. రుద్రమదేవి కాలంలో మోటుపల్లి రేవు గురించి రాసిన మార్కోపోలో ఈ రాజ్యపు బట్టలు సాలెగూడంత సన్నగా ఉంటాయని మెచ్చుకున్నాడు. చిన్న ఇంటికి జంపుఖానా చేసే మేలు సోఫా చేయలేదు. సోఫాలో ముగ్గురే కూర్చుంటారు. జంపుఖానా మీద ఎనిమిది మంది. చుట్టాలు వెళ్లాక సోఫా అక్కడే ఉంటుంది, జంపుఖానా చుట్టేస్తే మూలకు పోతుంది.

మరి కొత్త కోడలికి? లోపలి అర్ర కొత్త జంటకు ఇచ్చేస్తారట. గడంచె, బొంతలు, డబ్బాలు ముందు గదిలోకి వస్తాయి. అవ్వ మంచం వసారాలోకి, తడక కట్టిన మూలకు. 'చలికాలం కష్టం కదా అవ్వా?' అన్నాను. 'ఆమె అచ్చినంక నాకు సోపతి గదా' అని నవ్వింది. ఆ నవ్వు వెనక ఇబ్బంది లేదని నేననను. వానాకాలం వసారాలోకి జల్లు కొడుతుందని కోడలే చెప్పింది. రేకులు కాస్త ముందుకు దించుకోవడానికి అనుమతి అడుగుతామంది.

తలుపుల్లేని ద్వారాలు

సాయంత్రం స్వయంభూ ఆలయ శిథిలాల దగ్గరికి వెళ్లాను. నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు. 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రం చార్మినార్‌తో పాటు తన చిహ్నంలో పెట్టుకున్న తోరణం ఇదే. గుడి కూలిపోయింది. మధ్యలో విరిగిన స్తంభాలు, చెక్కిన రాళ్లు. తోరణాల్లోంచి ఆకాశం కనిపిస్తోంది. చుట్టూ ఇరుకుగా ఏ కట్టడమూ లేదు కాబట్టే ఒక్కో తోరణం అంత నిండుగా కనిపిస్తుంది. పక్కనున్న ఖుష్ మహల్‌లోకి వెళ్తే అక్కడా అంతే. ఎత్తయిన కమానుల కింద ఒకటే పెద్ద హాలు. కోటలో దొరికిన శిల్పాలను అందులో భద్రపరిచారు. అదీ ఒకరకంగా సామాన్ల గదే. అయినా కమానుల ఎత్తు కళ్లకు ఆనుతూనే ఉంది.

మా హాలు గుర్తొచ్చింది. చోటు లేదని మేం అనుకుంటున్నాం కానీ, ఉన్న చోటునంతా పగలూ రాత్రీ కదలని వస్తువులకు రాసిచ్చేశాం. కొలవాల్సింది అమ్మ పెట్టెను కాదు, మా సోఫాను!

ఇంటికొచ్చి మావారితో చెప్పాను. రెండ్రోజులు ఆలోచించారు. మూడో రోజు సోఫా అమ్మేశాం. టీవీని గోడకు బిగించి స్టాండు తీసేశాం. అమ్మ వచ్చింది, పెట్టె వచ్చింది. కిటికీ కింద పెట్టి, పైన కొత్తవాడ జంపుఖానా మడతపెట్టి వేశాం. ఇద్దరు హాయిగా కూర్చోవచ్చు. అమ్మ రోజూ అక్కడే కూర్చుని పేపరు చదువుతుంది.

పెట్టెలో ఏముందో నేనెప్పుడూ అడగలేదు. వచ్చిన మర్నాడు తనే తెరిచింది. నాలుగు పట్టుచీరలు, నాన్న కళ్లజోడు, ఆయన పాత పంచెలతో కుట్టిన రెండు బొంతలు. ఇప్పుడు చలికి పిల్లలిద్దరూ ఆ బొంతల కోసం పోట్లాడుకుంటున్నారు.

మీ ఇంట్లో... ఇలా!

* కొత్త అర కొనేముందు ఇంట్లోని ప్రతి పెద్ద వస్తువూ రోజుకు ఎన్ని గంటలు వాడుతున్నారో రాసుకోండి. తక్కువ వాడేదాన్ని మడిచేదో, చుట్టేదో, కిందికి తోసేదో అయితే మార్చేయండి.

* సజ్జ మీద ఏమున్నాయో కాగితం మీద రాసి సజ్జ తలుపు లోపల అతికించండి. వెతుకులాట తగ్గుతుంది.

* ఒకదాంట్లో ఒకటి పట్టే గిన్నెల సెట్లు ఎంచుకోండి. మూతలు విడిగా నిలబెట్టి పెట్టండి.

* పాత చెక్కపెట్టెలు, ట్రంకు పెట్టెలు పారేయొద్దు. కూర్చునే బల్లగా, పిల్లల మంచం పక్కన అరగా వాడుకోవచ్చు. లోపల ఎండిన వేపాకు వేస్తే పురుగు పట్టదు.

* చోటు కలిసొస్తుందని గ్యాస్ సిలిండర్‌ను గాలి ఆడని అరలో మూసిపెట్టకండి. అర అడుగున గాలికి సందు ఉండాలి.

* గది మధ్యలో కొంత నేల ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. పిల్లలు ఆడుకోవడానికీ, పండగకు పదిమంది కూర్చోవడానికీ అదే చోటు.

ఎలా వెళ్లాలంటే...

హైదరాబాద్ నుంచి వరంగల్‌కు సుమారు 150 కిలోమీటర్లు. రైళ్లు, బస్సులు విరివిగా ఉంటాయి. వరంగల్ స్టేషన్ నుంచి కోటకు ఆటోలో పది, పదిహేను నిమిషాలు. తోరణాలు, ఖుష్ మహల్, ఏకశిల గుట్ట చూడటానికి ఒక పూట చాలు. గుట్టెక్కితే కోట, ఊరు, చెరువు ఒకేసారి కనిపిస్తాయి. రెండో పూట హనుమకొండలోని వేయిస్తంభాల గుడి, భద్రకాళి ఆలయం చూసి, కొత్తవాడలో జంపుఖానాలు కొనుక్కోవచ్చు. కోటలోని ఇళ్లు ప్రదర్శనశాలలు కావు. లోపలికి వెళ్లాలన్నా, ఫొటో తీయాలన్నా ముందుగా అడగండి. అడిగితే చాయ్ కూడా ఇస్తారు.